తాత వలలో పడిన రాయి, 30 లక్షల లోన్

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది చీరాల దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. బి.ఏ. హిస్టరీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మా తాత వేట మానేసి పదేళ్లయింది. ఎప్పుడో ఆయన వలలో పడిన పొడవాటి రాయి ఒకటి మా పెరట్లో బట్టలు ఉతికే బండగా ఉంది. దానికి మూడు చిల్లులున్నాయి. ఆమధ్య ఫోన్‌లో ద్వారక దగ్గర సముద్రంలో దొరికిన రాతి లంగర్ల ఫొటోలు చూశాను. అచ్చం మా రాయిలాగే ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సముద్ర పురావస్తు శాస్త్రంలో పీజీ చేయాలని ఉంది. ఇంగ్లండ్‌లో ఏడాది కోర్సుకు ఫీజు, ఖర్చులు కలిపి 30 లక్షలు అవుతాయని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. నాన్న సరుగుడు తోట తాకట్టు పెడతానంటున్నారు. అమ్మ మాత్రం ఆడపిల్లవి, సముద్రంలో మునిగే చదువేమిటి అంటోంది. నాకు ఈత కూడా అంతంతమాత్రమే. మన దేశంలో ఈ చదువు లేదా? చదివితే ఉద్యోగం వస్తుందా? వెళ్లమంటారా, వద్దంటారా? ఆ రాయిని ఏం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. ఈ చదువు చదువు. తోట మాత్రం తాకట్టు పెట్టనివ్వకు. ఎందుకో వివరంగా రాస్తాను. పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదువు. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే నీది కాబట్టి చనువుగా నువ్వు అంటున్నాను.

నీ ఉత్తరం చదువుతూ ఆ ఉతుకుడు బండ దగ్గర ఆగిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా తవ్వకాల్లో ఉన్నాను, అందులో కొన్నేళ్లు నీటి అడుగున. నాకు తెలిసిన మంచి పరిశోధకులు చాలామంది ఇలాగే మొదలయ్యారు. ఒక వస్తువు చూశారు. ఇది ఇక్కడికెలా వచ్చిందన్న ప్రశ్న వాళ్లను వదల్లేదు. నీకు ఆ ప్రశ్న పుట్టింది. దాన్ని కాపాడుకోవడం ఎలా అన్నదే నేను చెప్పగలిగింది.

1960లో టర్కీ దక్షిణ తీరంలో, కేప్ గెలిడోన్యా దగ్గర, మూడు వేల ఏళ్లు దాటిన కంచు యుగపు ఓడ శిథిలాన్ని తవ్వారు. పురావస్తు శాస్త్రవేత్తలే స్వయంగా సముద్రం అడుగుకు దిగి, నేలమీద తవ్వినంత పద్ధతిగా ఒక ఓడను పూర్తిగా తవ్వడం అదే మొదలు. ఆ పని నడిపిన జార్జ్ బాస్ అప్పటికి అమెరికాలో ఒక పరిశోధక విద్యార్థి. ఆ పని చేతికొచ్చాకే ఆయన డైవింగ్ నేర్చుకున్నాడు. పురావస్తు శాస్త్రం తెలిసినవాడికి డైవింగ్ నేర్పడం తేలిక, డైవర్‌కు పురావస్తు శాస్త్రం నేర్పడమే కష్టం అని ఆ తరం అనుభవంతో తెలుసుకుంది. నీ ఈత గురించి నువ్వు పడుతున్న టెన్షన్‌కు సగం జవాబు ఇందులో ఉంది.

ఆ కథలో ఇంకో సంగతి ఉంది. ఆ ఓడ అక్కడుందని శాస్త్రవేత్తలకు చెప్పింది సముద్రంలో స్పాంజి ఏరుకుని బతికే డైవర్లు. 1982లో అదే టర్కీ తీరంలో ఉలుబురున్ ఓడ జాడ చెప్పింది కూడా ఒక స్పాంజి డైవరే. మనకు దగ్గర్లో, శ్రీలంక దక్షిణ తీరాన గొడవాయ దగ్గర, హిందూ మహాసముద్రంలో ఇప్పటిదాకా తెలిసిన ఓడ శిథిలాల్లో అతి పురాతనమైనది ఉంది. రెండు వేల ఏళ్ల నాటిది. గాజు ముద్దలు, కుండలు ఉన్నాయి అందులో. దాన్ని మొదట చూసింది శంఖాలు ఏరే స్థానికులు. అంటే ఈ శాస్త్రంలో మొదటి మాట ఎప్పుడూ మీ తాతగారి లాంటివాళ్లదే. నువ్వు ఆ ఇంట్లో పుట్టావు. ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేనిది అది.

ఇప్పుడు పని ఎలా ఉంటుందో చెబుతాను. ఫొటోల్లో నీలం నీళ్లు, వీపున సిలిండర్, చేతిలో కుండ కనిపిస్తాయి. ఉలుబురున్‌లో 1984 నుంచి 1994 దాకా 11 సీజన్లు తవ్వారు. 22 వేలకు పైగా డైవ్‌లు చేశారు. లోతు 44 నుంచి 60 మీటర్లు కాబట్టి ఒక్కో డైవ్‌లో అడుగున దొరికేది సుమారు 20 నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో తీసిన కొలతల్ని పైన గంటలకొద్దీ కూర్చుని గీయాలి, రాయాలి, నంబర్లు వేయాలి. ఆ ఓడ నుంచి 10 టన్నుల రాగి, 1 టన్ను తగరం బయటికి వచ్చాయి. వాటిని శుభ్రం చేసి, చదివి, అర్థం చేసుకునే పని తవ్వకం ముగిశాక కూడా ఏళ్ల తరబడి సాగింది. స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా ఓడను 1961లో పైకి తీశారు. నీళ్లలో నానిన కొయ్య ఆరితే ముడుచుకుని పగిలిపోతుంది. అందుకని కొయ్యలోని నీటి స్థానంలోకి మైనం లాంటి పాలీఇథిలీన్ గ్లైకాల్ ఇంకేలా 17 ఏళ్లు జల్లుతూనే ఉన్నారు. తీయడం ఒక రోజు పని, నిలబెట్టడం ఒక తరం పని.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సముద్రం నుంచి తెచ్చిన కొన్ని కుండ పెంకుల్ని మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాం. గట్టిగా ఉన్నాయి, బాగున్నాయి అనుకున్నాం. నెల తిరిగేసరికి పైపొర బూడిదలా రాలిపోయింది. లోపల ఇంకిన ఉప్పు, నీరు ఆరిపోగానే స్ఫటికాలుగా మారి పెంకును లోపల్నుంచి పగలగొట్టింది. మంచినీళ్లలో వారాల తరబడి ఉంచి, నీళ్లు మారుస్తూ, ఉప్పు కొలుస్తూ ఉండాల్సింది. వెయ్యేళ్లు సముద్రంలో భద్రంగా ఉన్నదాన్ని నెలలో పోగొట్టాం. ఆ పెంకుల్ని ఇప్పటికీ మరిచిపోలేను.

ఇక మన తీరం సంగతి. నీ జవాబులో అసలు భాగం ఇదే.

బంగాళాఖాతం మన ఒడ్డున టర్కీ సముద్రంలా ఉండదు. గోదావరి, కృష్ణ తెచ్చిపోసే ఒండ్రుతో నీళ్లు మసకగా ఉంటాయి. చాచిన చెయ్యి నాకే కనపడని చోట తడుముకుంటూ పనిచేశాను. అయితే మన నదులు ఇంకో పని కూడా చేశాయి. ఒండ్రు పోసి పోసి తీరాన్నే ముందుకు నెట్టేశాయి. కృష్ణా జిల్లా ఘంటసాల చూడు. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలమీ మన తీరంలో చెప్పిన కొంటకోస్సిల రేవు ఇదేనని పండితులు చాలామంది అంటారు. అక్కడి ప్రాకృత శాసనంలో మహానావికుడి ప్రస్తావన ఉంది. ఇవాళ అక్కడ నిలబడితే చుట్టూ వరిపొలాలే. సముద్రం ఎక్కడో దూరాన ఉంది. మన పాత రేవుల్లో కొన్ని నీళ్ల కింద లేవు, మడిచెక్కల కింద ఉన్నాయి. వాటిని వెతకడానికి మాస్కు, సిలిండర్ అక్కర్లేదు. నేలలోకి గొట్టం దింపి మట్టిపొరలు తీసి, ఎక్కడ నది మట్టి ఆగింది, ఎక్కడ సముద్రపు గవ్వ మొదలైంది అని చూడాలి. పాత నది పాయలను ఉపగ్రహ చిత్రాల్లో పట్టుకోవాలి. ఇదంతా సముద్ర పురావస్తు శాస్త్రమే. ఈత రానివాళ్లు కూడా ఇందులో గొప్ప పని చేయవచ్చు.

మీ ఊరికి దగ్గర్లోనే మోటుపల్లి ఉంది కదా. వీరభద్రస్వామి గుడిలో శాసన స్తంభాన్ని చూశావా? చూడకపోతే ఈ ఆదివారమే వెళ్లు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం అది. ఇంతకుముందు రాజులు, తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారు, మేము మాత్రం ధర్మమైన సుంకం తప్ప మిగతాదంతా ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చిన ఆ వర్తకులకే వదిలేస్తున్నాం అంటాడు ఆయన. సుంకం ముప్పయ్యింట ఒక వంతు. ఓడ పగిలినవాడి సరుకు వాడిదేనని ఒక రాజు రాతిమీద చెక్కించి మాట ఇచ్చిన చోటు అది. ఓడలు పగలడం అక్కడ అంత మామూలు సంగతన్నమాట.

ఆ శాసనంలోనే సరుకుల పేర్లు, వాటి మీద సుంకాలు ఉన్నాయి. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు. దీన్ని చరిత్ర విద్యార్థిగా చదివితే వర్తకం కనిపిస్తుంది. సముద్ర పురావస్తు శాస్త్రం నేర్చుకున్నాక అదే జాబితా ఇంకోలా కనిపిస్తుంది. వీటిలో సముద్రం అడుగున ఏవి మిగులుతాయి? రాగి, సీసం మిగులుతాయి. దంతం మిగలవచ్చు, గోవా దగ్గర సుంచి రీఫ్ ఓడ శిథిలంలో ఏనుగు దంతాలు దొరికాయి. కర్పూరం, పన్నీరు ఆనవాలు లేకుండా పోతాయి. మిరియాలు కూడా పోతాయనే అనుకుంటాం. కానీ చైనాలో క్వాంఝౌ దగ్గర 1974లో తవ్విన 13వ శతాబ్దపు ఓడలో మిరియాలు అలాగే ఉన్నాయి. ఆ ఓడా గణపతిదేవుడి శాసనమూ ఒకే శతాబ్దానివి. ఆ మిరియాలు ఎక్కడివో నాకు తెలియదు, కానీ ఇలాంటి ప్రశ్న చేతిలో పట్టుకుని పీజీకి వెళ్లే అమ్మాయికీ, ఉత్త ఉత్సాహంతో వెళ్లే అమ్మాయికీ చాలా తేడా ఉంటుంది.

మన తీరంలో పాతకాలం వేటగాళ్లు వాడిన మసులా పడవ గురించి మీ తాతగారిని అడుగు. పలకల్ని ఇనుప మేకు లేకుండా కొబ్బరినార తాడుతో కుట్టి కట్టేవాళ్లు. లోపల అడ్డుకొయ్యల చట్రం ఉండదు కాబట్టి అల ఎత్తి ఒడ్డుకు కొట్టినా ఆ పడవ కాస్త వంగి నిలబడేది, విరిగేది కాదు. ఇప్పుడు అంతా ఫైబర్ బోట్లు. కుట్టు ఎక్కడ మొదలుపెట్టేవాళ్లు, పలకల మధ్య సందుకు ఏం కూరేవాళ్లు, ఏ చెట్టు కొయ్య వాడేవాళ్లు అన్నది తెలిసిన ముసలివాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. 1998లో ఇండోనేసియాలో బెలిటుంగ్ దీవి దగ్గర 9వ శతాబ్దపు ఓడ ఒకటి బయటపడింది. చైనా పింగాణీ సుమారు 60 వేల పాత్రలు మోసుకెళ్తున్న ఆ ఓడ కూడా పలకలు కుట్టి కట్టినదే. అజంతా చిత్రంలోని ఓడను చూసి, అదే కుట్టు పద్ధతిలో, కేరళ పనివాళ్లతో కట్టించిన కౌండిన్య ఓడను 2025 మేలో కార్వార్‌లో మన నౌకాదళం చేర్చుకుంది. ఇలాంటివాటిని అర్థం చేసుకోవాలంటే కుట్టిన చేతుల్ని అడగాలి. నీ మొదటి పరిశోధన ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి తాత పక్కన కూర్చోవడంతోనే మొదలుపెట్టవచ్చు. దానికి ఎవరి అనుమతీ, ఏ డిగ్రీ అక్కర్లేదు. ఈ వేసవిలోనే చెయ్యి, వచ్చే ఏటికి వాయిదా వేయకు.

ఇక చదువు ఎక్కడ. మన దేశంలో ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్లలో చాలామంది ముందు పురావస్తు శాస్త్రమో, చరిత్రో, భూగర్భ శాస్త్రమో చదివి తర్వాత నీళ్లలోకి దిగినవాళ్లే. ఈ శాస్త్రానికి మన దేశంలో ఆద్యుడైన ఎస్.ఆర్. రావు, నేలమీద లోథాల్ తవ్వి, ఆ తర్వాత 1980లలో ద్వారక సముద్రంలో పని నడిపాడు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో సముద్ర పురావస్తు విభాగం 1981లో మొదలైంది. కేంద్ర పురావస్తు శాఖలో నీటి అడుగు విభాగం 2001లో వచ్చింది. కాబట్టి నువ్వు డిగ్రీ అవగానే పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. చెయ్యి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, కడపలో యోగి వేమన, హైదరాబాద్‌లో ఉస్మానియా, వీటిలో చరిత్రతోపాటు పురావస్తు శాస్త్రం చెప్పే శాఖలున్నాయి. ఇంకాస్త దూరం వెళ్లగలిగితే పుణేలో దక్కన్ కాలేజీ, బరోడాలో ఎం.ఎస్. విశ్వవిద్యాలయం ఈ శాస్త్రానికి పెద్ద పేరున్నవి. తంజావూరు తమిళ విశ్వవిద్యాలయంలో సముద్ర చరిత్ర, సముద్ర పురావస్తు శాస్త్రాలకు ప్రత్యేకంగా శాఖే ఉంది, కానీ అక్కడ భాష తమిళం. నన్నడిగితే నీకు దక్కన్ కాలేజీ గానీ విశాఖ గానీ బాగుంటాయి. పుణేలో తవ్వకం పని బాగా వంటబడుతుంది. విశాఖలో సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, డైవింగ్ నేర్పేవాళ్లు అదే ఊళ్లో ఉంటారు, పుణే కంటే ఇల్లూ దగ్గర.

ఎం.ఏ. చదువుతూనే యూజీసీ నెట్‌కు కూర్చో. పురావస్తు శాస్త్రం అందులో విడిగా ఒక సబ్జెక్టు. అందులో పైమార్కులు తెచ్చుకున్నవాళ్లకు పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్, జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37 వేలు, ఇంటి అద్దె అలవెన్స్ వేరే. దాంతో పీహెచ్‌డీ దారి తెరుచుకుంటుంది. ఎం.ఏ. అయ్యాక గ్రేటర్ నోయిడాలో పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థ ఉంది, కేంద్ర పురావస్తు శాఖదే. అక్కడ రెండేళ్ల పీజీ డిప్లొమా చేయిస్తారు. సీట్లు కొద్దివే, కానీ తవ్వకం, సర్వే, భద్రపరచడం అన్నీ చేతితో చేయించి నేర్పుతారు, స్టయిపెండ్ కూడా ఇస్తారు.

నేలమీద తవ్వకం ముందు నేర్చుకోవాలని ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. 2002 జనవరిలో గుజరాత్ ఖంభాత్ సింధుశాఖ అడుగున 9,500 ఏళ్ల నాటి నగరం దొరికిందని ప్రకటన వచ్చింది. దేశమంతా ఊగిపోయింది. శబ్ద తరంగాలతో సముద్రం అడుగును చూపే సోనార్ చిత్రాల్లో గోడల్లాంటి గీతలు కనిపించాయి, అడుగు నుంచి తోడి తెచ్చిన వస్తువుల్లో ఒక కొయ్యముక్క వయసు అంత తేలింది. కానీ ఆ కొయ్యముక్క ఏ మట్టిపొరలో ఉంది, దాని పక్కన ఏముంది? తోడి తెచ్చినదానికి పొర ఉండదు. బలమైన ప్రవాహాలున్న చోట అది ఎక్కడి నుంచైనా కొట్టుకొచ్చి ఉండవచ్చు. నగరం వయసు చెప్పడానికి ఆ ముక్క చాలదని పురావస్తు శాస్త్రవేత్తలు చాలామంది అన్నారు. పొర అంటే ఏమిటో ఒళ్లంతా మట్టి పూసుకుని గుంటలో కూర్చున్నవాళ్లకు అర్థమైనంతగా క్లాసులో కూర్చున్నవాళ్లకు కాదు.

ఇప్పుడు విదేశం మాట. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్, అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం, ఈస్ట్ కరొలైనా, ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్, ఇవి ఈ చదువుకు పేరున్న చోట్లు. మంచి చోట్లే, వాటిని తక్కువ చేయను. వెళ్లు, కానీ ఇప్పుడే వద్దు. ఏడాది కోర్సు కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. తవ్వకం తెలిసి, నెట్ పాసై, తీరం మీద సొంత ప్రశ్న ఒకటి పెట్టుకుని వెళ్లినవాళ్లకు ఆ ఏడాది బంగారం. ఏమీ తెలియకుండా వెళ్లినవాళ్లకు అక్కడి పదాలు అలవాటయ్యేసరికే విమానం టికెట్ తేదీ వచ్చేస్తుంది.

డబ్బు లెక్క నేనే వేసి చూశాను. 30 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు 41 వేల పైచిలుకు కట్టాలి. చదివే ఏడాది వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువ. ఇక్కడ పరిశోధనలో అడుగుపెట్టే మనిషికి వచ్చే ఫెలోషిప్ 37 వేలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి మీ నాన్నగారికి చూపించు. ఆయన ప్రేమతో ముందుకొచ్చారు. ఆ తోట పోతే నువ్వు ఈ చదువును ప్రేమించలేవు, అప్పు తీర్చే ఏదో ఒక ఉద్యోగంలో ఇరుక్కుంటావు. ఇలా ఇరుక్కున్న తెలివైన పిల్లల్ని చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. రెండు మూడేళ్లు ఆగితే స్కాలర్‌షిప్‌లకు అర్హత వస్తుంది. బ్రిటన్ ఇచ్చే చెవెనింగ్‌కు రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. కామన్వెల్త్ స్కాలర్‌షిప్ ఉంది. అమెరికాలో రెండేళ్ల పైబడిన కోర్సుల్లో విభాగంలో పనిచేస్తూ ఫీజు తగ్గించుకునే వీలుంటుంది. ఇది చదువుతున్న ఎస్సీ విద్యార్థులకు ఒక మాట. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర అంశాలకు డబ్బు ఇవ్వబోమని 2022లో షరతు చేర్చారు. ఆ షరతు అన్యాయమని నా అభిప్రాయం. దరఖాస్తు చేసే ఏడాది నిబంధనలు అక్షరం వదలకుండా చదువుకోండి.

ఉద్యోగం గురించి అడిగావు. ఇంగ్లండ్‌లో ఈ చదువుకు పని పుట్టించినవాటిలో పెద్దది సముద్రంలో పాతే గాలిమరలు. మర పాతేముందు, కేబుల్ వేసేముందు అడుగున పాత ఓడలు గానీ, మునిగిన నేల గానీ ఉన్నాయేమో చూడాలి. కాబట్టి సోనార్ డేటా, అడుగున ఇనుము జాడ పట్టే మాగ్నెటోమీటర్ డేటా చదవగలిగే పురావస్తు శాస్త్రవేత్తలకు అక్కడ కంపెనీల్లో చోటుంది. డైవింగ్ కంటే కంప్యూటర్ ముందు ఆ డేటా చదవడమే వాళ్లకు ఎక్కువ. మన దగ్గర ఆ పని ఇంకా ఆ స్థాయికి రాలేదు. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో కొత్త పోర్టులు కడుతున్నారు. అడుగున తవ్వి మట్టి తోడుతున్నారు. 1605 నుంచి డచ్చివాళ్లు వర్తకం చేసిన మచిలీపట్నం దగ్గర మట్టి తోడేటప్పుడు ఒడ్డున నిలబడి చూసే పురావస్తు శాస్త్రవేత్త ఉండాలా వద్దా? ఉండాలి. నీ తరం అడిగి సాధించుకోవాల్సిన పని అది. ఇవాళ్టికి మాత్రం ఉద్యోగాలంటే కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖలు, సముద్ర విజ్ఞాన సంస్థ, మ్యూజియాలు, విశ్వవిద్యాలయాలు. గుజరాత్‌లో లోథాల్ దగ్గర పెద్ద సముద్ర వారసత్వ సముదాయం కడుతున్నారు. ఖాళీలు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. నీకు అబద్ధం చెప్పను. అందుకే సోనార్ డేటా, మ్యాపులు చేసే జీఐఎస్, ఫొటోలతో త్రీడీ నమూనా తయారుచేయడం, వస్తువుల్ని భద్రపరచడం, వీటిలో ఏదో ఒకటి చేతికి బాగా వచ్చేలా చూసుకో. అవి వేరే రంగాల్లో కూడా కూడు పెడతాయి.

మీ అమ్మగారికి ఇది చదివి వినిపించు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర పురావస్తు శాఖ ద్వారక సముద్రంలో మళ్లీ పని మొదలుపెట్టినప్పుడు దిగిన ఐదుగురి బృందంలో ముగ్గురు మహిళలు. 1960లో టర్కీలో ఆ మొదటి తవ్వకంలో కూడా హానర్ ఫ్రాస్ట్, జోన్ డు ప్లాట్ టేలర్ అనే ఇద్దరు స్త్రీలు ముఖ్యులు. అమ్మగారి భయం ఆడపిల్ల అన్నదానికంటే సముద్రం అన్నదాని గురించే అనుకుంటాను. వేటకెళ్లిన మనిషి కోసం ఒడ్డున ఎదురుచూసిన ఇంటి ఆడవాళ్లకు ఆ భయం ఉంటుంది. దాన్ని తీసిపారేయకు. డైవింగ్‌లో ఒంటరిగా దిగరని, ఎప్పుడూ జంట ఉంటుందని, లోతుకూ సమయానికీ కచ్చితమైన హద్దులుంటాయని ఆమెకు చెప్పు.

ఈత మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు, సముద్రంలో వద్దు, చెరువులో వద్దు, కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌లో. మొదటి స్థాయి డైవింగ్ కోర్సుకు ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటిమీద తేలాలి. అంతే అడుగుతారు. ఆ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల దాకా దిగవచ్చు. ముందు డాక్టర్‌కు చెవులు, ఊపిరితిత్తులు చూపించుకో. ఆస్తమా ఉంటే దాచకు. దిగేటప్పుడు చెవి నొప్పి పుడితే ఓర్చుకుని దిగడం ధైర్యం కాదు, కర్ణభేరి పోతుంది. ఇదంతా ఎం.ఏ. రెండేళ్లలో తీరిగ్గా చేసుకోవచ్చు. ఈలోగా ఇంగ్లండ్‌లోని నాటికల్ ఆర్కియాలజీ సొసైటీ ఆన్‌లైన్‌లో చిన్న కోర్సులు నడుపుతుంది, ఇంట్లో కూర్చుని ఒకటి చేసి చూడు. ఈ శాస్త్రం రుచి నీకు నిజంగా నచ్చిందో లేదో తక్కువ ఖర్చుతో తెలిసిపోతుంది.

తాకకూడనివి కూడా ఉంటాయని ముందే తెలుసుకో. 1971 డిసెంబరులో విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇప్పటికీ అక్కడే ఉంది, సిబ్బందితో సహా. మన నౌకాదళం దాని చోటు కనిపెట్టి కూడా చనిపోయినవాళ్ల మీద గౌరవంతో ముట్టుకోలేదని 2024లో వార్తలొచ్చాయి. ఇందాక చెప్పిన బెలిటుంగ్ ఓడను ఒక వ్యాపార సంస్థ తీసింది. సరుకు బయటికి వచ్చింది, కానీ శాస్త్రీయంగా నమోదు కావాల్సినంత కాలేదు. ఆ గొడవ మీదే 2011లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సంస్థ ఆ వస్తువుల ప్రదర్శన ఆపేసింది. రేపు నీకు కూడా ఎవరో ఒకరు పాత ఓడ సరుకు తీద్దాం, వాటా ఇస్తాం అని వస్తారు. వెళ్లకు.

ఇక మీ పెరటి రాయి. ఈ రోజు నుంచి దానిమీద బట్టలు ఉతకడం ఆపండి. కడగవద్దు, గీకవద్దు, ఎవరికీ అమ్మవద్దు. ఉన్న చోటే ఉంచి, పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపులా ఫొటోలు తియ్యి. పొడవు, వెడల్పు, మందం కొలిచి రాసుకో. చిల్లులు చూడు. ద్వారక దగ్గర దొరికిన రకానికి పైన తాడు కోసం గుండ్రని చిల్లు ఒకటి, కింద కొయ్య కొక్కేలు దూర్చడానికి పలక చిల్లులు రెండు ఉంటాయి. నీ రాయికి అలాగే ఉంటే అది లంగరు కావడానికి మంచి అవకాశముంది. వయసు మాత్రం ఊహించకు. ఇలాంటి లంగర్లు వందల ఏళ్లు వాడారు, రాయిని చూసి శతాబ్దం చెప్పడం నాకూ చేతకాదు. రాయి ఏ జాతిదో ఒక భూగర్భ శాస్త్రం మాస్టారికి చూపించు, మీ ఇసుక తీరంలో పుట్టిన రాయి కాదు కాబట్టి ఎక్కడినుంచో వచ్చి ఉంటుంది. తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖకు ఫొటోలతో ఉత్తరం రాయి, నకలు నీ దగ్గర ఉంచుకో.

అన్నిటికంటే ముందు తాతగారిని అడుగు. ఆ రాయి ఏ ఏడు పడింది, ఏ వలలో పడింది, ఎన్ని బారల లోతు, అడుగు ఇసుకా బురదా, అక్కడ వల ఇంతకుముందు ఎప్పుడైనా చిక్కుకుందా. ఒడ్డు మీద ఏ తాడిచెట్టు ఏ గుడి గోపురంతో వరసకు వచ్చినప్పుడు ఆయన ఆ చోటు అనుకునేవారో అడుగు. ఆయన చెప్పినట్టే, ఆయన మాటల్లోనే రాసుకో, నువ్వు దిద్దకు. ఆ కాగితం, ఆ కొలతలు నాకు కూడా పంపించు. ఎదురుచూస్తుంటాను.